రంపంపొట్టు మీద ప్లాస్టిక్

హోంకమాకి, ఫిన్లాండ్
15 సెప్టెంబరు 1979, శనివారం

చెల్లి ఎల్వికి,

ఉదయం ఆరింటికి రెండు డిగ్రీలు. వాయవ్యపు గాలి. మధ్యాహ్నం దాకా తుంపర. చేసిన పని: అటక మీద తూర్పు సగం పూర్తయింది.

నేలమాళిగలో నూనె బాయిలరు పెట్టించిన ఏడాది ఇక కట్టెలు కొట్టే బాధ తప్పిందనుకున్నాం. ఇప్పుడు ఊళ్ళో ఏ ఇద్దరు కలిసినా నూనె ధర మాటే. ట్యాంకులో కొలపుల్ల ముంచి చూసుకునేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఈ ఏడు అందరూ ముంచుతున్నారు.

నలభై ఎనిమిదిలో ఇంటి వేడి పైకి పోకుండా నాన్న అటక మీద పోసిన రంపంపొట్టు అణిగిపోయింది. దూలం మీద ఆయన పెన్సిల్‌తో గీసిన గీత ఇంకా ఉంది. పొట్టు దానికి జానెడు కిందికి దిగింది. ఇంట్లో వేడంతా అటు నుంచే పోతోంది. అందుకని పొట్టు సమం చేసి, దాని మీద ప్లాస్టిక్ పరిచి, ప్లాస్టిక్ మీద గాజు ఉన్ని చుట్టలు విప్పి వేస్తున్నాను.

పంచాయితీ ఆఫీసులో ఇచ్చిన చిన్న పుస్తకంలో ప్లాస్టిక్ పొట్టు కింద, ఇంటి సీలింగు పక్కన వెయ్యాలని బొమ్మ వేశారు. అలా చెయ్యాలంటే ముప్పై ఏళ్ళ పొట్టంతా ఎత్తిపోయాలి. పైగా ఆ పుస్తకం రాసినాయన మన అటక చూసి ఉండడు. మంచుగాలి కొట్టినప్పుడల్లా చూరు సందుల్లోంచి పిండిలాంటి మంచు లోపలికొచ్చి పొట్టు మీద పడుతుంది. చిన్నప్పుడు నువ్వూ నేనూ ఊడ్చినవాళ్ళమే కదా. తడి వచ్చేది పైనుంచి. కాబట్టి ప్లాస్టిక్ పైనే ఉండాలి. రెండు రాత్రులు ఆలోచించి ఈ నిర్ణయానికొచ్చాను.

ఇంట్లో సగం నీది గనక తెలియజేస్తున్నాను. అభ్యంతరం ఉంటే రాయి.

ఆర్మాస్


బొరోస్, స్వీడన్
4 అక్టోబరు

అన్నయ్యా,

అభ్యంతరమా? నా సగం ఏది, పై సగమా కింది సగమా? పై సగమైతే అటక నాదే. నా అటక మీద నువ్వు నా అనుమతి లేకుండా తిరుగుతున్నావన్నమాట.

ఊరికే అన్నాను. చేసుకో. బట్టల మిల్లులో మా వరసలో పదకొండు మంది ఆడవాళ్ళం ఫిన్లాండ్ నుంచి వచ్చినవాళ్ళమే. భోజనాల వేళ మాట్లాడేది ఒకటే, మా వాళ్ళు ఇంటి దగ్గర కిటికీలకి ఏం కుక్కుతున్నారు అని. మా అన్నయ్య ఏకంగా అటకకే కోటు తొడుగుతున్నాడని గొప్పగా చెప్పుకున్నాను.

ఉత్తరాలు తెచ్చేది ఇప్పటికీ సైమేనా? బళ్ళో నా పక్కనే కూర్చునేది. నా పెన్సిళ్ళు కొరికేది. ఆమె భర్త పోయాడని విన్నాను. పలకరిస్తున్నావా, లేక "నమస్తే, ఇవాళ చలి" అని తలుపు వేసేస్తున్నావా?

మా ఆయన రాగ్నర్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. ఈ ఏడు ఎక్కడో బడి కడుతున్నారట, అటకల పనే ఇతనికి కూడా. మీరిద్దరూ ఒకే భాష మాట్లాడి ఉంటే నాకు నోరు విప్పే అవకాశం ఉండేది కాదు.

ఎల్వి


హోంకమాకి
18 నవంబరు, ఆదివారం

ఎల్వీ,

ఉదయం మైనస్ పద్నాలుగు. గాలి లేదు. ఆకాశం తేటగా ఉంది. చేసిన పని: సైమి వాళ్ళ నిచ్చెన మెట్లు రెండు మార్చాను. నిన్న అందరం ఎక్కి దిగితే విరిగాయి, ఎందుకెక్కామో కింద రాస్తున్నాను.

మొదటి మంచు పదకొండో తారీఖున పడింది. పన్నెండున మన వీధి తౌనో పెర్కియో మా వాకిట్లో నిలబడి కప్పు వైపు చూస్తున్నాడు.

"ఏరా ఆర్మాస్, ఊరందరి కప్పులూ నల్లగా కరిగి కారుతున్నాయి. నీ కప్పు మీద మంచు కదలకుండా ఉందేంట్రా? పొయ్యి ఆర్పేసి చచ్చావేమోనని చూడ్డానికొచ్చా."

లోపలికి రమ్మన్నాను. ఇంట్లో ఇరవై ఒకటి ఉంది. చొక్కా గుండీ విప్పుకున్నాడు. కొలపుల్ల చూపించాను. నా రోజు పుస్తకంలో నూనె ఎంత కాలిందో రాసిన నిరుటి నవంబరు పేజీ, ఈ నవంబరు పేజీ పక్కపక్కన పెట్టి చూపించాను. తౌనో చదవడం ఆపి, "మా అటక ఎప్పుడు మొదలెడదాం?" అన్నాడు.

మన వీధిలో ఇళ్ళన్నీ యుద్ధం తర్వాత ఒకే నక్షా చూసి కట్టుకున్నవి గదా. నా కొలతలే అందరికీ సరిపోయాయి. ఉన్ని చుట్టలు నా ఇంట్లోనే కోసి తీసుకెళ్ళేవాణ్ణి. తౌనోది రెండు రోజుల్లో అయింది. తర్వాత ముసలి యల్మారిది. ఈ శనివారం సైమిది. వీధంతా కూడి చేశారు. కూలి లేదు, మామూలే, ఎవరిల్లయితే వాళ్ళు బఠాణీ చారు పెట్టాలి.

యల్మారి నిచ్చెన కింద నిలబడి సాయంత్రం దాకా వేళాకోళం. "నేను పోసిన పొట్టు ముప్పై ఏళ్ళు నన్ను కాచింది. దానికిప్పుడు రెయిన్‌కోటు ఎందుకయ్యా? ఇంట్లో వాన పడుతుందా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

సైమి చారులో ఉప్పు ఎక్కువైంది. ఎవరూ అనలేదు. ఆమే రుచి చూసి, "ఇంత ఉప్పు తిని ఒక్కరూ నోరు విప్పలేదంటే మీరందరూ ఎంత పెద్దమనుషులో" అంది. ఆ తర్వాత నన్ను పై గదిలోకి పిలిచి, సీలింగు మీద చెయ్యి ఆనించి, "రేపటికి తేడా తెలుస్తుందాండీ?" అని అడిగింది. తెల్లారేసరికి తెలుస్తుందన్నాను. ఇవాళ మెట్లు మార్చడానికి వెళ్ళినప్పుడు తెలిసిందని చెప్పింది. పై గదిలో పడుకుందట, రెండేళ్ళలో ఇదే మొదటిసారట.

నేను చేసినది మరొకరికి పనికొచ్చిందని ఎప్పుడూ అనిపించలేదు. ఈ వారం అనిపించింది. ప్లాస్టిక్, ఉన్ని ఎలా వేశామో బొమ్మ గీసి పంపుతున్నాను. రాగ్నర్‌కి చూపించు.

ఆర్మాస్


బొరోస్
9 డిసెంబరు

అన్నయ్యా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. నువ్వు రెండు పేజీలు దాటి రాయడం నా జన్మలో ఇదే మొదలు.

ఇక్కడ వాన, మళ్ళీ వాన. మిల్లులో మగ్గాలు కొన్ని ఆపేశారు, వేసవికి ఇంకా కొన్ని ఆపుతారంటున్నారు. నాకు రాత్రి పాళీ పడింది. కళ్ళు మండుతున్నాయి.

బొమ్మ రాగ్నర్ చూశాడు. గీత చక్కగా ఉందన్నాడు.

పైకి వెళ్ళినప్పుడు ఎప్పుడైనా ప్లాస్టిక్ ఒక మూల ఎత్తి చూస్తుంటావా? ఊరికే అడుగుతున్నాను. శనివారాలు నేలమాళిగలో ఆవిరి స్నానం మానలేదుగా నువ్వు.

సైమిని అడిగానని చెప్పు.

ఎల్వి


హోంకమాకి
20 జనవరి 1980

ఎల్వీ,

ఉదయం మైనస్ ఇరవై ఎనిమిది. మధ్యాహ్నం మైనస్ ఇరవై మూడు. ఈశాన్యపు గాలి. చేసిన పని: మంచు ఊడ్చాను. బాయిలరు గొట్టం శుభ్రం చేశాను. రంపాలకు పదును పెట్టాను.

అంతా మామూలే.

ఆర్మాస్


బొరోస్
3 ఫిబ్రవరి

అన్నయ్యా,

"అంతా మామూలే" అని నువ్వు రాయడం నాకు తెలుసు. అమ్మకు జబ్బు చేసినప్పుడూ అలాగే రాశావు. నేను వచ్చేసరికి ఇంట్లో శవపేటిక ఉంది. కాబట్టి ఆ మాట నాకు రాయకు.

నీకంటే ముందు నేను నిజం చెప్పాలి. చెప్పడానికి ఇది నాలుగో కాగితం.

నీ బొమ్మ చూసి రాగ్నర్ గీత చక్కగా ఉందన్నాడు, నిజమే. ఆ తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు. ప్లాస్టిక్ తప్పు వైపు ఉందన్నాడు. ఇంట్లో వంట ఆవిరి, స్నానపు ఆవిరి, మనుషుల ఊపిరి, అన్నీ సీలింగు దాటి పొట్టులోంచి పైకి పోతాయట. ఇన్నాళ్ళూ అలా పోయి చూరులోంచి బయటపడేవి. ఇప్పుడు చల్లటి ప్లాస్టిక్‌కి తగిలి అక్కడే గడ్డకడతాయి. చలికాలమంతా అలా పేరుకుని, ఎండ రాగానే ఒక్కసారి కరిగి సీలింగు మీద పడుతుంది, పొట్టు కుళ్ళుతుంది, దూలాలూ కుళ్ళుతాయి అన్నాడు. "వెంటనే రాయి" అన్నాడు. నేను రాయలేదు.

ఎందుకంటే నీ ఉత్తరంలో సైమి పై గదిలో పడుకుంది. ఆ వాక్యం చదివి ఈ సంగతి రాయడానికి చెయ్యి రాలేదు. మూల ఎత్తి చూడమని దొంగతనంగా ఒక వాక్యం ఇరికించాను. అర్థం చేసుకుంటావనుకున్నాను. పిరికితనం అది, ఇంకేం పేరు లేదు దానికి.

చూశావా? చూసి ఉంటావు. అందుకే "అంతా మామూలే".

ఎల్వి


హోంకమాకి
12 ఫిబ్రవరి

ఎల్వీ,

ఉదయం మైనస్ పంతొమ్మిది. మబ్బు. చేసిన పని: ఏమీ లేదు.

నీకు నవంబరులోనే తెలుసు.

జనవరి పన్నెండు, శనివారం. స్నానం తర్వాత ఉతికిన దుప్పట్లు ఆరెయ్యడానికి పైకి వెళ్ళాను. అప్పటికి నీ వాక్యం నెల రోజులుగా బుర్రలో తిరుగుతోంది. బాయిలరు గొట్టం దగ్గర ఉన్ని పక్కకు తీసి ప్లాస్టిక్ ఎత్తాను. ఎత్తితే రాలేదు. పొట్టుకు అతుక్కుపోయి ఉంది. లాగితే చప్పుడైంది, గాజు పగిలినట్టు. అడుగున తెల్లగా సూదులు, బొటనవేలంత పొడుగు. ఆ కింద పొట్టు పిడికిట్లో పిసికితే ముద్దయింది. నాన్న పోసినప్పటి నుంచి పొడిగా ఉన్న పొట్టు.

నేననుకున్నది తడి పైనుంచి వస్తుందని. వచ్చేది మా ఊపిర్లోంచి.

అప్పటి నుంచి రోజుకి నాలుగుసార్లు ఎక్కుతున్నాను. ఎక్కి చూడటం తప్ప చేసేదేమీ లేదు. మళ్ళీ దిగుతాను. పడుకుంటే నాలుగు కప్పులు కనిపిస్తాయి. నాది, తౌనోది, యల్మారిది, సైమిది. ఒకే నక్షా, ఒకే కొలతలు, ఒకే తప్పు. నా ఇల్లు పాడైతే పోనీ. ఆ మూడూ నా మాట విని చేయించుకున్నవి. గడ్డకట్టి ఉన్నంతకాలం పలకలుగా ఊడదీసి బయట పారెయ్యొచ్చు. మార్చి సగానికి ఎండ కప్పును తాకుతుంది. ఆ తర్వాత పారెయ్యడానికి ఏమీ ఉండదు, అంతా నీళ్ళే.

సైమి రోజూ పొద్దున పదింటికి మంచు మీద జారే బండి తోసుకుంటూ వచ్చి పత్రిక చేతికిస్తుంది. "ఇల్లు ఎంత వెచ్చగా ఉందో" అంటుంది. నేను ఉష్ణోగ్రత చెబుతాను.

నువ్వు నవంబరులో రాసి ఉంటే అప్పటికి ఏమీ గడ్డకట్టలేదు. ఒక్క రోజు పని.

ఆర్మాస్


బొరోస్
20 ఫిబ్రవరి

అన్నయ్యా,

తిట్టు. నేను ఒప్పుకుంటాను. ఆ నెలలు నావి.

కానీ జనవరి పన్నెండు నుంచి ఉన్న రోజులు నావి కావు. అవి నీవి. నువ్వు నన్ను అన్న మాటే ఆ ముగ్గురూ నిన్ను అనొచ్చు. నీకు తెలుసు, ఎందుకు చెప్పలేదు? వాళ్ళకి నువ్వేం చెప్తావు, మైనస్ పంతొమ్మిది అనా?

నేనెందుకు రాయలేదో ఈ మధ్య బాగా ఆలోచించాను. నీకు చెడ్డ మాట చెప్పాలంటే అందరికీ భయం, ఆర్మాస్. నువ్వు కోప్పడవు. కోప్పడితే బాగుండు. లోపలికెళ్ళి తలుపేసుకుంటావు, ఏడాది మాట్లాడవు. నీ గీత వంకరగా ఉందని నాన్న అన్నందుకు వడ్రంగం మానేశావు, ఇరవై ఏళ్ళప్పుడు. అందుకే నీ చుట్టూ ఉన్నవాళ్ళందరూ నోరు మూసుకుంటాం. నువ్వూ అదే నేర్చుకున్నావు.

రాగ్నర్ చెప్పింది రాస్తున్నాను, ఇది సూటిగా విను. ప్లాస్టిక్ తీసెయ్యి. మంచు గీకి బకెట్లలో కిందికి దించు. తడిసిన పొట్టు వరకు పారతో ఎత్తెయ్యి. ఉన్ని తిరిగి పొట్టు మీదే పరుచు, మధ్యలో ఏమీ వద్దు. ఆవిరి బయటికి పోవడానికి చూరు దగ్గర రెండు అరచేతుల వెడల్పు ఖాళీ వదులు. ఇల్లు వెచ్చగానే ఉంటుంది.

మార్చి మొదటి సోమవారం దాకా చూస్తాను. ఆ రోజుకి నువ్వు చెప్పకపోతే సైమికి నేను రాస్తాను. తన ఉత్తరం తనే సంచిలో వేసుకుని, తనే మోసుకుని, నీ వాకిలి మీదుగా వెళ్తుంది. ఆ పొద్దున కూడా నువ్వు పత్రిక తీసుకుని చలి ఎంతో చెప్పాలి. ఆలోచించుకో.

ఎల్వి


హోంకమాకి
6 మార్చి, గురువారం

ఎల్వీ,

ఉదయం మైనస్ ఎనిమిది. దక్షిణం వైపు చూరుకు మంచు సూదులు దిగుతున్నాయి. చేసిన పని: మూడు అటకలు.

సోమవారం నాడే చెప్పాను. వరసలో రాస్తాను.

తౌనో రంపం మిల్లులో ఉన్నాడు. చప్పుడులో అరిచి చెప్పాల్సి వచ్చింది. రెండుసార్లు చెప్పాను. యంత్రం ఆపాడు. "అంటే నా నెత్తి మీద ఒక చెరువుందంటావు." ఉందన్నాను. "నా పెళ్ళాం పడుకునే వైపా, నేను పడుకునే వైపా?" అన్నాడు. రెండు వైపులా అన్నాను. "అయితే తనకి నువ్వే చెప్పు. నేను మిల్లులోనే ఉంటా" అన్నాడు. నవ్వాడు గానీ, పని మధ్యలో వదిలేసి నా వెంట వచ్చేశాడు.

యల్మారి కాఫీ పోసి కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. ఆయన తన కాఫీ ఖాళీ చేసి గిన్నె కింద పెట్టాడు.

"రెయిన్‌కోటు ఎందుకని నేనన్నప్పుడు నవ్విందెవరు?"

"అందరూ."

"నువ్వు?"

"నేనూ నవ్వాను."

"అందరూ నవ్వితే నేనూ ఒప్పుకున్నా. డెబ్బై రెండేళ్ళొచ్చి, చూరంటే ఏంటో తెలిసి, ఒప్పుకున్నా. నిచ్చెన కొట్టం వెనక ఉంది. రేపు పొద్దున్నే మొదలెట్టు."

తర్వాత సైమి వచ్చింది. ఆమె పత్రిక ఇచ్చింది. నేను రోజు పుస్తకం ఇచ్చాను, జనవరి పన్నెండు పేజీ తెరిచి. మెట్టు మీద నిలబడే చదివింది. చేతి తొడుగు పళ్ళతో లాగి పేజీలు తిప్పింది. పదమూడు, పద్నాలుగు, ఫిబ్రవరి. అన్ని పేజీల్లో ఎన్నిసార్లు ఎక్కానో, ఏం చూశానో రాసి ఉంది.

"యాభై ఒక్క రోజులు" అంది.

వేలు ఆ పేజీలోనే ఉంచి నా వైపు చూసింది.

"పొరపాటు జరిగింది, సరే. నేను కూడా ఒకరి ఉత్తరం ఇంకొకరికి ఇచ్చాను చాలాసార్లు. కానీ రోజూ ఇక్కడ నిలబడి ఇల్లు వెచ్చగా ఉందని నేనంటుంటే, మీరు వింటూ నిలబడ్డారే. ఆ పుస్తకానికి చెప్పుకున్నారు. నాకు చెప్పడానికి అడ్డమేంటండీ?"

"మీరు మళ్ళీ కింద పడుకుంటారని" అన్నాను.

పుస్తకం మూసి నా చేతిలో పెట్టింది. బండి తోసుకుని వెళ్ళిపోయింది.

మంగళవారం యల్మారిది, బుధవారం తౌనోది, ఇవాళ సైమిది. ఎవరినీ పిలవలేదు. నా ఒక్కడి పని అనుకున్నాను. యల్మారి అటక మీదికి నేనెక్కేసరికి తౌనో ముందే పైన కూర్చుని బకెట్‌కి తాడు కడుతున్నాడు. మంచు పలకలు పలకలుగా వచ్చింది. వాకిట్లో పారేస్తే దానికి అంటుకున్న పొట్టుతో గోధుమ రంగు గుట్ట. వీధిలో పోయేవాళ్ళందరూ ఆగి చూశారు. అది నా గుట్ట అని అందరికీ తెలుసు. రాత్రి నిద్ర పట్టిందని మాత్రం రాయగలను.

సైమి ఇంట్లో లేదు. తాళం చెవి మెట్టు మీద పెట్టి వెళ్ళింది. పని అయ్యాక మళ్ళీ అక్కడే పెట్టాను. మూడు రోజులుగా పత్రిక డబ్బాలో వేసి పోతోంది.

నా ఇల్లు ఇంకా మిగిలింది. రేపు, ఎల్లుండి.

నీ మీద కోపం పోయిందని రాయను. నువ్వు చెప్పినట్టే చేశానని రాస్తున్నాను.

ఆర్మాస్


బొరోస్
12 మార్చి

అన్నయ్యా,

రాగ్నర్‌కి మొత్తం చదివి వినిపించాను. తౌనో పెళ్ళాం మాట వచ్చిన చోట రెండుసార్లు నవ్వాడు. సైమి మాటలు వచ్చిన చోట లేచి కిటికీ దగ్గరికి పోయాడు.

కోపం ఉంచుకో. కానీ దాని గురించి రాస్తూ ఉండు. మిల్లులో వేసవి నుంచి నాకు పని లేదు. డిసెంబరులోనే తెలుసు. ఇదిగో, చెప్పేశాను. మనిద్దరిలో ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా.

నీ సీలింగు ఎలా ఉంది? ఉష్ణోగ్రత కాదు నేనడిగింది.

ఎల్వి


హోంకమాకి
17 మార్చి, సోమవారం

ఎల్వీ,

ఉదయం ఆరింటికి సున్నా. తొమ్మిదింటికి ప్లస్ మూడు. గాలి దక్షిణం. ఈ ఏడు మొదటిసారి చూర్లన్నీ కారుతున్నాయి. బయట ఎటు చూసినా నీళ్ళ చప్పుడు.

రాత్రంతా దీపం పట్టుకుని సీలింగు కింద తిరిగాను. నా పడకగదిలో పళ్ళెమంత గోధుమ మచ్చ దిగింది. నా ఇల్లు ఆఖరున చేశాను గనక ఆలస్యమైంది. రెండు పలకలు మార్చాలి. దూలం మీద నాన్న గీత వరకు తడి లేదు. తౌనో వాళ్ళింట్లో పొయ్యి పక్కన చిన్న మచ్చ. అతని పెళ్ళాం దాని చుట్టూ పెన్సిల్‌తో గీసి తారీఖు వేసింది, నన్ను పిలిచి మరీ చూపించింది. యల్మారిది పొడిగా ఉంది. సైమిది తెలియదు. అడగడానికి వెళ్ళలేదు. రెండుసార్లు గేటు దాకా వెళ్ళాను.

మిల్లు సంగతి చదివాను. ఏం రాయాలో నాకు తెలియదు. బాధగా ఉంది అని రాస్తున్నాను. ఇది వాతావరణం తర్వాత కాకుండా ముందు రాయాల్సింది. మీరిద్దరూ ఏం అనుకుంటున్నారో వివరంగా రాయండి.

మంచుబండి చప్పుడు వినిపిస్తోంది. ఇవాళ బురదలో ఈడుస్తోంది. డబ్బా దగ్గర ఆగింది. డబ్బా మూత చప్పుడు కాలేదు. సైమి మెట్టు మీద ఉంది. తలుపు తీసి వచ్చి మళ్ళీ రాస్తున్నాను.

పంపాల్సిన ఉత్తరమేమైనా ఉందా అని అడిగింది. ఉంది గానీ పూర్తి కాలేదన్నాను.

"పై గదిలోనే పడుకున్నాను రాత్రి. పొడిగానే ఉంది" అంది. తర్వాత, "ఇవాళ చెప్పాల్సిందేమైనా ఉందాండీ, ఆ పుస్తకం కాకుండా, నాకు?" అంది.

ఉందన్నాను. గుమ్మంలో బూట్లు విప్పుతోంది. చేసిన పని: పొద్దున బాయిలరు... అది తర్వాత రాస్తాను, ముందు ఆమెకి చెప్పాలి.